వరదలో తలలేని శవం

"నేరం ఎక్కడ జరిగినా వాసన ముందు నా ముక్కుకే తగులుతుంది, బావా."

టైలరు బావమరిది ఈ మాట అన్న పూటే మురుగుకాలవ పొంగి వీధి మునిగింది. ఆ వాసన అందరి ముక్కులకూ తగిలింది. ఒక్క కేసూ తేల్చకుండానే తనకు తానే డేగకన్ను అని పేరు పెట్టుకున్న మహానుభావుడతను.

నీళ్ళు దుకాణంలోకి వచ్చేశాయి. కాలికి పిండికట్టుతో ఉన్న భార్యను టైలరు గుడ్డలు కత్తిరించే బల్ల మీద కూర్చోబెట్టి, సహాయ పడవకు ఫోన్ చేశాడు.

"నన్నెలాగూ మీరు మోయలేరు. ఆ కొత్త బొమ్మనైనా కాపాడండి" అందామె.

రవికలు తొడిగి చూసే ఆ బొమ్మను దుప్పట్లో చుట్టి, భుజాన వేసుకుని, నడుంలోతు నీళ్ళలో ఎదురింటి మేడమెట్ల మీదికి చేర్చాడు. వీధి చివర డాబా మీంచి డేగకన్ను అది చూశాడు. కళ్ళద్దాల నిండా వాన, మోసేది బావేనని పోల్చుకోలేదు. అయినా ఫోటో తీసి, 'శవాన్ని మాయం చేస్తున్న హంతకుడు, అందరికీ పంపండి' అని వీధి గ్రూపులో పడేశాడు. క్షణాల్లో ఊరంతా చుట్టేసింది.

టైలరు తిరిగొచ్చేసరికి నీళ్ళు బల్ల అంచుకు చేరాయి. పడవ జాడ లేదు. మళ్ళీ ఫోన్ చేశాడు.

"మీ వీధిలో శవం ఉందటండీ. ఒకటే ఫోన్లు. పడవ దాన్ని వెతకడానికి పోయింది."

"బతికున్న మనిషిని వదిలేసా?" అన్నాడు టైలరు. భార్య చెయ్యి పట్టుకున్నాడు. నిజంగానే భయం వేసింది.

అప్పటికే పడవలోకి దూకిన డేగకన్ను, "ఎడమకు పోనీవోయ్. హంతకులెప్పుడూ ఎడమకే పారిపోతారు" అంటూ తెరిచిన గొడుగు ఊపాడు. గాలికి గొడుగు లాగేసరికి వెళ్ళి పడవవాడి మీద పడ్డాడు. తెడ్డు జారింది. పడవ సరాసరి టైలరు గుమ్మానికి గుద్దుకుంది.

"నాకోసమే వచ్చావా తమ్ముడూ?" అంది అక్క, కళ్ళనీళ్ళతో.

"మరే" అన్నాడు తడుముకోకుండా.

ఆమెను ఎదురింటి మెట్లకు చేర్చారు. అక్కడ దుప్పటి తొలగిన బొమ్మను చూసి డేగకన్ను కెవ్వుమన్నాడు.

"ఆ హంతకుడు తల నరికేశాడు బావా."

"దానికి మొదటినుంచీ లేదురా, నీలాగే. నీ శవాన్ని వెతకబోయి మా పడవ ఇటు రాకుండా పోయింది. ముందు గ్రూపులో పెట్టిన ఆ ఫోటో తీసేసి, తప్పని రాయి."

తల వంచుకుని రాశాడు. ఎవరూ చదవలేదు. అందరూ పంచుకుంటున్నది ఎదురింటి మేడమీదివాళ్ళు అప్పుడే పెట్టిన కొత్త ఫోటో. అందులో తలలేని 'శవం' పక్కన గొడుగుతో డేగకన్ను. కింద 'హంతకుడు దొరికాడు, అందరికీ పంపండి.'

డేగకన్ను ముఖం పాలిపోయింది.

"ఇదేం అన్యాయం బావా? పెట్టేముందు ఒక్కమాట కనుక్కోవద్దూ?"