మరుగుదొడ్డి గడపకు పసుపు

2009 ఏప్రిల్‌లో ఒక సోమవారం ఉదయం. రామ్మోహనరావుగారి ప్రణాళిక చాలా సరళమైనది. తొమ్మిది గంటలకు నాచారం చౌరస్తాలో మహిళల మరుగుదొడ్డి తెరుస్తారు. ఆయన పావుగంటసేపు మరుగుదొడ్ల చరిత్ర చెబుతారు. ఆ తరువాత కూరగాయలమ్మే శ్యామలమ్మ అందరికంటే ముందు లోపలికి వెళుతుంది.

రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఆయన, ఈ గది కోసం రెండేళ్లు అర్జీలు పెట్టారు. కారణం శ్యామలమ్మే. పొద్దున్న ఆరింటికి బుట్ట దించితే మధ్యాహ్నం మూడింటిదాకా వెళ్లడానికి చోటు లేక, ఆమె మండుటెండలో కూడా గుక్కెడు నీళ్లు తాగేది కాదు. మూత్రపిండంలో ఒక రాయి చేరిందనీ, ఇలాగే ఉంటే రెండోది ఎంతో దూరంలో లేదనీ ఆసుపత్రిలో హెచ్చరించారు.

అయితే కాంట్రాక్టరు కొమురెల్లి తెల్లవారకముందే వచ్చాడు. పూజ లేకుండా కొత్త కట్టడం తలుపు తీయడం అతని వంశంలో లేదు. గడపకు పసుపు రాయించి, బొట్లు పెట్టించి, మెట్టు పక్కన కలశం నిలిపించి, కొబ్బరికాయ కొట్టాడు. గుమ్మానికి కట్టిన బంతిపూల దండ, 'మహిళల మరుగుదొడ్డి' అని రాసిన బోర్డును పూర్తిగా కప్పేసింది. చర్లపల్లిలో గృహప్రవేశం ఉందని పూజారి మధ్యలోనే వెళ్లిపోయాడు. కొబ్బరికాయ వల్ల నీటి గొట్టాలకు హాని లేదని నిర్ధారించుకుని రామ్మోహనరావుగారు వాదించడం మానుకున్నారు. నలభై ఏళ్లలో అదే మొదటిసారి.

రిబ్బను కత్తిరించాల్సిన అధికారి రావడం ఆలస్యమైంది. ఉపన్యాసం మాత్రం వేళకే మొదలైంది. నాలుగు వేల ఏళ్లనాటి మొహెంజొదారో కాలువల గురించి ఆయన చెబుతుండగా, ఉప్పల్ బస్సు దిగినవాళ్లు ఆగి చూశారు. వాళ్లకు కనిపించినవి పసుపు గడప, పూలదండ, కలశం, తెల్లపంచెలో ఒక పెద్దాయన. వినిపించినది నాలుగు వేల ఏళ్లు. ఒకామె చెప్పులు విడిచింది. అది చూసి మిగతావాళ్లూ విడిచారు. పదకొండింటికి వచ్చిన అధికారి ఆ చెప్పుల వరుస చూసి, తానూ బూట్లు విప్పి, రిబ్బను కత్తిరించి, దణ్ణం పెట్టుకుని వెళ్లిపోయాడు.

శ్యామలమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"వెళ్లమ్మా, నీకోసమే కదా కట్టించింది."

"బొట్టు వెట్టిన గడప దాటి గా పని ఎట్ల జేయాలె సారూ? లోపల దేవుడున్నడు గద."

"లోపల ఉన్నది పింగాణీ. దేవుడు లేడు."

"మీకు లేడు. నాకున్నడు."

మరునాడు ఆయన తడిగుడ్డతో వచ్చి పసుపు తుడవబోయారు. వంగి గడప కడుగుతున్న పెద్దాయనను చూసి, ఇక్కడ సేవ చేసేది ఈయనేనని జనం తేల్చుకున్నారు. ఒకామె ఆయన చేతిలో కొబ్బరికాయ పెట్టింది. వద్దని తిరిగి ఇస్తే, ప్రసాదమని కళ్లకద్దుకుంది. గురువారానికల్లా ఎదురుగా అగరుబత్తుల బండి వెలిసింది. శుక్రవారం వార్డు ఇంజనీరు ఫోన్ చేసి, గుడి జోలికి తాము పోలేమనీ, సోమవారం గదికి తాళం వేస్తామనీ మర్యాదగా చెప్పాడు.

రామ్మోహనరావుగారు వెళ్లి శ్యామలమ్మ బుట్ట పక్కన కూలబడ్డారు. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"పిలిచినోళ్లే పంపియ్యాలె గద సారూ. గణపతిని గూడ పంపిస్తం. పంతులు ఉద్వాసన జెప్పకుండనే పాయె."

"అయితే ఆయన్నే పిలిపించు."

"గీ గదికాడికి మళ్ల రానన్నడంట. మీరే జెప్పుండ్రి."

"నాకు మంత్రాలు రావమ్మా."

"మొన్న సదివిందే సదువుండ్రి. ఒక్క ముక్క సమజ్ కాలే గని, మంచిగనే ఉండె."

ఆయన ఆమె ఎండిన పెదవులవంక మరోసారి చూసి, సరేనన్నారు.

శనివారం తొమ్మిదింటికి కలశం ముందు నిలబడి, గంభీరమైన కంఠంతో, రోమ్ నగరంలోని రాతి ఆసనాల వరుసల నుంచి లండన్ ప్రదర్శనలో రుసుము తీసుకున్న మరుగుదొడ్లదాకా చరిత్ర మొత్తం చెప్పారు. జనం చేతులు జోడించి విన్నారు. చివర కలశాన్ని కాస్త పక్కకు కదిపారు. పంపేటప్పుడు దేవుణ్ణి మళ్లీ రమ్మని కోరడం ఆనవాయితీ అట. ముందుజాగ్రత్తగా ఆ ఒక్కటీ వదిలేశారు. కొమురెల్లి స్వయంగా దండ విప్పాడు. బోర్డు బయటపడింది.

శ్యామలమ్మ లోపలికి వెళ్లి వచ్చింది. తరువాత సీసాడు నీళ్లు గటగటా తాగి, ఇంకో సీసా నింపుకుంది. సోమవారం తాళంతో వచ్చిన ఇంజనీరు, ఆడవాళ్ల వరుస చూసి తాళాన్ని జేబులో వేసుకున్నాడు.

ఆ వారంలోనే ఉప్పల్ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అక్కడా కొత్త మరుగుదొడ్డికి పూజ జరిగిందట, ఎవరూ లోపలికి పోవడం లేదట. ముహూర్తం ఎప్పుడు పెట్టమంటారని అడిగారు. ఆదివారాలు హేతువాద సంఘం సమావేశం ఉంటుంది గనుక, ఆ ఒక్క రోజు తప్ప ఎప్పుడైనా సరేనన్నారు రామ్మోహనరావుగారు.

ఉద్వాసనకు ఆదివారం అచ్చిరాదని ఉప్పల్‌లో ఇప్పుడు అందరికీ తెలుసు.