గుండీల మేత

దర్జీ ఆ ఉదయం పెట్టుకున్న పనులు మూడే. టర్కీ కోడిపిల్లలకు దాణా తినిపించాలి, బ్యాండు మాస్టారి ఎర్ర కోటుకు ఇత్తడి గుండీలు కుట్టాలి, ఆయన కోటు తీసుకుని వెళ్లగానే పెరట్లో మడతకుర్చీ వాల్చుకుని కునుకు తీయాలి. గుండీలు కుట్టడం ఒక్కటే సజావుగా జరిగింది. కొంప మునిగింది కూడా దానివల్లే.

ఆ ఇంట్లో దర్జీకి తనదంటూ మిగిలింది పెరడొక్కటే. ఇప్పుడు బావమరిది కన్ను దాని మీద పడింది. వెల్డింగు షెడ్డు వేసుకుంటానని అక్క చుట్టూ తిరుగుతున్నాడు. బావమరిది అంటే దర్జీకి ద్వేషమేమీ లేదు, కళ్లెదుట ఉంటేనే పడదు. పెరడు ఖాళీగా లేదనిపించుకోవడానికి దర్జీ వెతికి వెతికి అరడజను టర్కీ పిల్లల్ని కొనుక్కొచ్చాడు.

అవి తినమంటే తినమన్నాయి. కింద పరిచిన రంపపు పొట్టు పొడిచాయి, గోడను పొడిచాయి, ఒకదాని కాలివేళ్లు ఒకటి పొడుచుకున్నాయి. పళ్లెంలో దాణా జోలికి మాత్రం పోలేదు.

"సాయంత్రంలోగా మేత ముట్టాయా సరేసరి. లేదంటే తెచ్చిన చోటే ఇచ్చేసి రండి. కళ్లముందు పస్తులుండి చస్తుంటే నేను చూడలేను. పెరడు తమ్ముడికిచ్చేద్దాం," అంది భార్య.

దర్జీ వెంటనే దాణా కొట్టాయనకు ఫోను చేశాడు.

"వాటికి తిండంటే ఏమిటో తెలీదండీ. తల్లి ముక్కుతో పొడిచి చూపించాలి. తల్లి లేదుగా, మీరే వేలితో పొడిచి చూపించండి," అన్నాడాయన.

దర్జీ వేలు నొప్పి పుట్టేదాకా పళ్లెంలో పొడిచాడు. పిల్లలు అతన్ని జాలిగా చూసి మళ్లీ గోడ దగ్గరికి పోయాయి.

అంతలో మాస్టారు వచ్చాడు. మనిషి భారీ, మీసం ఇంకా భారీ. కోటు తొడుక్కుని, గదిలో వెలుతురు చాలడం లేదంటూ పెరట్లోకి నడిచాడు. ఎండ పడి రెండు వరసల గుండీలూ ధగధగలాడాయి. పిల్లలన్నీ ఒక్కసారిగా ఆయన మీదికి ఉరికాయి. తోలుదామని మాస్టారు వంగాడు. గుండీలు పళ్లెం మీదికి వేలాడాయి. ఒక పిల్ల గుండీని పొడవబోయి, గురి తప్పి దాణాను పొడిచింది. రుచి తగిలినట్టుంది, మళ్లీ పొడిచింది. దాన్ని చూసి మిగిలినవి.

"అలాగే ఉండండి మాస్టారూ! కదలకండి!"

"ఎందుకయ్యా?"

"వంగితే కోటు వెనక పైకి లేస్తోందేమో చూడాలి."

"నేను ఊదేవాణ్ణి, వంగేవాణ్ణి కాదు."

"ఊది ఊది ఆయాసం వస్తే వంగరూ?"

ఆ మాట నిజమేననిపించి మాస్టారు వంగే ఉన్నాడు. ఆయన నిటారుగా నిలబడితే పిల్లలు తినడం మానేస్తున్నాయి. దర్జీ టేపు తీసి, కొలవడానికి వీపు మీద ఉన్న చోట్లన్నీ కొలిచాడు. అవి అయిపోయాక మాస్టారిని గొంతుక్కూర్చోబెట్టి కుట్లు పిగులుతాయేమో చూశాడు. పిల్లలు ఆబగా తింటున్నాయి. దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే, షెడ్డుకు మూల కొలుచుకుందామని బావమరిది వచ్చాడు. చేతిలో టేపుతో బావ, నేల మీద మరో మనిషి. అతనికి అర్థమైంది ఒక్కటే.

"అక్కా! బావ మన పెరడు బ్యాండు వాళ్లకిచ్చేస్తున్నాడే! కొలతలు కూడా అయిపోతున్నాయి!"

"పెరడేమిటి? ఈ ఇరుకులో మా డప్పులు పడతాయా?" అన్నాడు మాస్టారు లేవకుండానే.

భార్య పరుగున వచ్చింది. వచ్చింది తగువు తీర్చడానికే గానీ, పళ్లెం చూసి అన్నీ మరిచిపోయింది.

"ఏమండీ! తింటున్నాయే! మాస్టారు గారూ, మీకు పుణ్యముంటుంది, అవి కడుపునిండా తినేదాకా లేవకండి!"

మాస్టారు మీసం వణికింది. "అంటే ఇంతసేపూ నన్ను కూర్చోబెట్టింది కోటు కోసం కాదా?"

మాస్టారు కోటు విప్పి విసిరికొట్టాడు. దాని అంచున పిల్లలు అప్పటికే రెట్టలతో తమ గుర్తులు వేశాయి. "ఇది నువ్వే ఉంచుకో. నాకు కొత్తది కుట్టు, దూరంగా నిలబడి!" అంటూ వెళ్లిపోయాడు.

గుండీలు కనపడకపోగానే పిల్లలు మేత మానేసి కియ్యోమన్నాయి. దర్జీ గబగబా కోటు తొడుక్కున్నాడు. పుల్లలాంటి ఒంటి మీద అది ముడతలు పడి, గుండీలన్నీ మడతల్లో దాక్కున్నాయి. పిల్లలు హడలిపోయి మూలకు పరిగెత్తాయి.

భార్య కోటును, తమ్ముణ్ణి మార్చి మార్చి చూసింది.

"ఏరా, నువ్వోసారి వేసుకో."

"వద్దు!" అని దర్జీ అరిచాడు. ఆ గొంతులో అంత బాధ ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

కోటు బావమరిదికి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. గొంతుక్కూర్చున్నాడు. పిల్లలు పరుగెత్తుకొచ్చి పళ్లెం మీద పడ్డాయి. భార్య మురిసిపోయి, పూటపూటా వచ్చి వాటికి తినిపించే భారం తమ్ముడికే అప్పగించింది. వెల్డింగు షెడ్డు మాట ఇంట్లో మళ్లీ వినపడలేదు. పెరడు దర్జీకే దక్కింది. మడతకుర్చీ మాత్రం, కూర్చుని కూర్చుని కాళ్లు పీకుతున్నాయని బావమరిది తీసుకున్నాడు.

టర్కీ పిల్లలు ఇప్పుడు బాగా తింటున్నాయి. ఆ ఇంట్లో వాటికంటే బాగా తింటున్నది బావమరిది ఒక్కడే.