తగ్గించినవాడికి గడి లేదు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకొచ్చే పేద రోగుల్లో మత్తు అలవాటును తొంభై రోజుల్లో సున్నాకి తెస్తామని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి ఊరుకోలేదు, సున్నా ఎలా ఉంటుందో చూపుడువేలితో గాల్లో గీసి మరీ చూపించారు. "పేదలకే ఎందుకండీ?" అని ఒక విలేకరి అడిగితే ఆయన ఏమాత్రం కోప్పడలేదు. "డబ్బున్నవాళ్లది అలవాటు కాదయ్యా, విశ్రాంతి. ఒకరి విశ్రాంతి జోలికి ప్రభుత్వం వెళ్లదు" అని సెలవిచ్చారు. ఇంత స్పష్టమైన విధానం ఈమధ్య ఎవరి నోటా వినలేదని అంతా మెచ్చుకున్నారు.

ఆ సున్నా తెచ్చే బాధ్యత ఒక్కో ఆఫీసు మెట్లూ దిగుతూ వచ్చి, ఊరి చివర మూడు గదుల ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మ బల్ల మీద పడింది. నలభై ఒక్క ప్రశ్నల ఫారం రూపంలో పడింది.

నర్సమ్మ పద్దెనిమిదేళ్లుగా అక్కడే పనిచేస్తోంది. డాక్టరుగారు వారానికి రెండు రోజులొస్తారు. మిగతా రోజుల్లో జనం ఆవిణ్ణే డాక్టరమ్మా అంటారు, ఆవిడా పలికేస్తుంది. మొదటిరోజు ఫారం పట్టుకుని, మోకాళ్ల నొప్పులతో వచ్చిన ముసలమ్మ దగ్గర కూర్చుంది.

"మామ్మా, గత మూడు నెలల్లో మత్తు పదార్థాలేమైనా వాడావా?"

"ఈ వయసులో నాకెవరిస్తారే తల్లీ?" అంది ముసలమ్మ. ఆ గొంతులో కాస్త ఆశ కూడా వినబడింది.

రెండొందల పన్నెండు మందిని అడిగేసరికి తేలింది ఒక్కడు. గోదాముల దగ్గర బస్తాలు మోసే హమాలీ. అతనూ తనంతట తాను చెప్పలేదు, వెనకనుంచి అతని భార్య చెప్పింది.

"రోజుకి పది నొప్పి బిళ్లలు మింగుతాడమ్మా. మొన్న నెత్తిన బస్తాతో లారీకి ఆనించిన చెక్కపలక ఎక్కుతూ తూలాడు. లారీలోకి పడ్డాడు గనక సరిపోయింది. ఇటు పడితే బస్తా మీదుండేది, ఈయన కిందుండేవాడు."

"అది మందు కదా, మత్తెందుకవుతుంది?" అన్నాడు హమాలీ నేల చూస్తూ.

నర్సమ్మ ఫారం పక్కన పెట్టింది. "బాబాయ్, నడుం నొప్పి లేనిరోజు కూడా వేసుకుంటున్నావా?"

అతను నడుం మీద చెయ్యేసుకున్నాడు. "లేనిరోజెలా ఉంటుందో చూళ్లేదమ్మా. చూడాలంటే భయం."

ఆవిడ తిట్టలేదు, బెదిరించలేదు. డాక్టరుగారొచ్చిన రోజు చూపించి, మెల్లమెల్లగా ఎలా తగ్గించాలో రాయించింది. "ఒక్కసారిగా మానకు, ఒళ్లు ఎదురు తిరుగుతుంది. ప్రతి గురువారం వచ్చి నాకో నాలుగు నిమిషాలు కనబడు. మధ్యలో నేను ఫోన్ చేస్తా" అంది. బిళ్లల అట్ట ఆరోజునుంచీ భార్య దగ్గరికి మారింది.

ఆ ఒక్కడి సంగతి విని పథకం ఆఫీసరు కారేసుకుని వచ్చేశాడు. నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒక్కడా సిస్టర్? ఒక్కడితో గ్రాఫ్ ఎలా గీస్తారు? చుక్క వస్తుంది. మంత్రిగారికి చుక్క చూపించమంటారా?"

"ఉన్నది ఒక్కడే సార్."

"తగ్గించాలంటే ముందు ఉండాలి కదమ్మా! ఇది బేస్‌లైన్. బేస్‌లైన్ ఎంత ఎత్తుంటే పతనం అంత అందంగా ఉంటుంది."

ఆ సాయంత్రానికల్లా రెండొందల పన్నెండు మందీ మత్తులో మునిగిపోయారు. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ అతి ప్రమాదకర విభాగంలోకి వెళ్లింది. సంతకం పెట్టనని నర్సమ్మ మొండికేస్తే, ఆఫీసరు ఏమాత్రం నొచ్చుకోకుండా తనే పెట్టుకున్నాడు. పని విషయంలో ఆయనకి భేషజాలు లేవు.

తరవాతి వారంనుంచీ జనం టపటపా మానేయసాగారు. ముసలమ్మ రెండో వారంలోనే బయటపడింది. హమాలీ మాత్రం నత్తనడక నడుస్తున్నాడు. పదినుంచి ఎనిమిదికొచ్చాడు. సరుకు ఎక్కువగా దిగిన వారం మళ్లీ తొమ్మిదికెళ్లి, సిగ్గుపడి గురువారం రాలేదు. నర్సమ్మ ఫోన్ చేసి, "పెరిగినా ఫరవాలేదు, రావడం మానకు బాబాయ్" అంది. వచ్చాడు. తొమ్మిదో వారానికి ఆరుకొచ్చాడు. ఆరోజు నర్సమ్మకి పట్టరాని సంతోషమైంది. రిపోర్టులో రాద్దామని చూస్తే అందులో రెండే గడులున్నాయి: వాడుతున్నాడు, మానేశాడు.

"తగ్గించాడు అని రాయడానికి గడి లేదు సార్" అంది ఫోన్లో.

"తగ్గించడమంటే మానేసే దారిలో ఉన్నట్టే కదా. రెండోది కొట్టండి."

"దారిలోనే ఉన్నాడు సార్. తొందరపెడితే ప్రమాదం. మెల్లగా తగ్గాలి."

"మెల్లగానే తగ్గనివ్వండి, ఎవరొద్దన్నారు? రికార్డు ముందు మానేస్తుంది. అతను వీలు చూసుకుని వెనకాలే వస్తాడు."

ఈలోగా సూదిమందు గదిని కౌన్సెలింగ్ గదిగా మార్చారు. కుంకుడుకాయ రంగు సోఫా, గాజు బల్ల, గోడకి మంత్రిగారి నవ్వు వచ్చాయి. ప్రారంభోత్సవం అయ్యేదాకా ఎవరూ అడుగుపెట్టకూడదని తాళం వేశారు. నర్సమ్మ సూదిమందులు వరండాలోనూ, హమాలీతో మాటలు బయట కుళాయి దగ్గరా కానిచ్చింది.

తొంభయ్యో రోజున మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించారు. గ్రాఫ్ చూశారు. అది కొండమీంచి దూకినవాడిలా తిన్నగా కిందికి దిగింది. ఆయన మనసు నిండిపోయింది. "ఇందులో ఒకణ్ణి చూపించండి, కళ్లారా చూస్తాను" అన్నారు.

వరసలో నిలబడ్డ హమాలీని ముందుకు నెట్టారు.

"ఎలా మానేశావయ్యా?"

"మానలేదయ్యా. పదినుంచి ఆరుకొచ్చాను" అన్నాడతను గర్వంగా. జీవితంలో ఇంత పెద్దమనిషికి చెప్పుకోదగ్గ సంగతి అతనికి ఇదే మొదటిది.

ఆఫీసరు రెండడుగులు ముందుకొచ్చాడు. "పదోరోజున మొదలెట్టి ఆరు వారాల్లో మానేశానంటున్నాడు సార్. అతని భాష అంత."

"పదినుంచి ఆరు!" అని మంత్రిగారు హమాలీ వీపు తట్టారు. సరిగ్గా నొప్పున్నచోటే తట్టారు. హమాలీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫోటోగ్రాఫర్లు పోటీపడి తీసుకున్నారు. ఈ కేంద్రం సున్నాకి చేరింది గనక ఇక్కడ కౌన్సెలింగ్ గది అవసరం తీరిపోయిందని, సామానంతా వెంటనే పక్క కేంద్రానికి తరలించాలని మంత్రిగారు అక్కడికక్కడే ఆదేశించి కారెక్కారు. నర్సమ్మని కూడా అక్కడికే బదిలీ చేశారు. ఆవిడ పేరు జాబితాలో గాజు బల్లకి కింద, సోఫాకి పైన ఉంది.

లారీ వచ్చింది. సామాను ఎక్కించడానికి మనిషి కావాలన్నారు. హమాలీ అక్కడే ఉన్నాడు కదా అన్నారు. అతను గాజు బల్ల ఎక్కించాడు. సోఫా సగం లేపాక నడుం పట్టేసింది. వాకిట్లోనే కూలబడి, రెండు చేతులతో నేల పట్టుకున్నాడు.

నర్సమ్మ పరుగెత్తుకొచ్చేలోపు ఆఫీసరు వచ్చాడు. మనిషి చెడ్డవాడు కాదు. జేబులోంచి బిళ్లల అట్ట తీసి, "రెండేసుకో, అయిదు నిమిషాల్లో లేస్తావు" అన్నాడు.

"వద్దు సార్. ఇవాళ్టివి అయిపోయాయి. తగ్గించుకుంటున్నా."

"తగ్గించుకోవడమేంటయ్యా, నువ్వు మానేసి మూడు వారాలైంది! మెల్లగా మాట్లాడు, డ్రైవరు వింటాడు. అలవాటే లేనివాడికి రెండేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ఇదిగో చూడు."

అని ఆ రెండూ తన నోట్లో వేసుకున్నాడు. నీళ్లు అడగలేదు. గుటుక్కున మింగాడు. అప్పుడు కనిపించింది నర్సమ్మకి, పది బిళ్లల అట్టలో మిగిలింది ఒక్కటేనని.

ఆవిడ హమాలీని గోడకి ఆనించి కూర్చోబెట్టి, నడుం కింద దుప్పటి మడత పెట్టింది. తరవాత వాకిట్లో సగం తిరిగి ఉన్న సోఫాని తనే సరిగ్గా నిలబెట్టి, దుమ్ము దులిపింది.

"కూర్చోండి సార్."

"నేనా? ఎందుకు?" అంటూనే కూర్చున్నాడు ఆఫీసరు.

"రోజుకెన్ని వేసుకుంటున్నారు?"

ఆయన లారీ వైపు చూశాడు. డ్రైవరు అవతల తాళ్లు బిగిస్తున్నాడు. ఆయన గొంతు బాగా తగ్గించాడు.

"రికార్డుకా సిస్టర్, మామూలుగానా?"