ఒక్కపూట బీదవాడు

ఆ రోజు పొద్దున్న లేస్తూనే నరసన్నపేట గోగునార వ్యాపారి ఉమాపతి బీదవాడైపోవాలని నిశ్చయించుకున్నాడు. మధ్యాహ్నం భోజనం వేళకి ఆ పని పూర్తయిపోవాలి కూడా.

కారణం పెళ్ళాం. విజయనగరంలో అతను గుట్టుగా పెట్టిన రెండో కాపురం బయటపడ్డాక, పద్మకుమారి శ్రీకాకుళంలో పుట్టింటికి పోయి విడాకులకీ మనోవర్తికీ దావా వేసింది. తన బంగారం తనకిమ్మంది. "ఉన్నదాన్ని బట్టే మనోవర్తి తేలుస్తారు. ఉన్నట్టు కనపడకండి," అన్నాడు ప్లీడరు. రైతుల నార కొని, డబ్బు ఆర్నెల్లు తొక్కిపట్టి, దానిమీద మేడలు కట్టిన మనిషికి పెళ్ళానికి నెలనెలా ఇంత ఇవ్వాలంటే ప్రాణం పోయినట్టయింది.

ఉంగరాలు ఊడదీసి ఇనప్పెట్టెలో పడేశాడు. గుమస్తా జోగయ్య చిరుగుల చొక్కా విప్పించి తను తొడుక్కున్నాడు. యజమాని బీదవాడు కావాలన్నా ముందు వలిచేది గుమస్తానే! రేడియో, అద్దాల బీరువా బండికెత్తించి తమ్ముడింటికి పంపేశాడు. ఆపైన పదిమందికీ కనపడేలా, ఇంటి ముందుభాగంలోనే ఉన్న కొట్టు అరుగుమీద కూర్చుని చోడి అంబలి తాగసాగాడు.

దారిన పోతున్న తవిటమ్మ ఆగిపోయింది. పోయిన పంట నార డబ్బులు ఆవిడకింకా రావాలి.

"ఏటి సావుకారూ, అంబలి తాగతన్నావు?"

"ఏటి సేస్తాం తవిటమ్మా, రోజులు బాగోనేదు."

"మరా బీరువా ఎక్కడికెల్తన్నాది?"

ఉమాపతి గబగబా ఇంకో గుక్క అంబలి తాగాడు. చొక్కా లేక తువ్వాలు కప్పుకుని నిలబడ్డ జోగయ్య వైపు తిరిగింది ఆవిడ.

"నన్నేటీ అడక్కమ్మా. నా సొక్కా కూడా ఆరే తీసేసుకున్నారు," అన్నాడు జోగయ్య.

ఇంకేం కావాలి? సావుకార్లు ముందు సామాను దాటించి, తరవాత ఐ.పి. అని కోర్టులో దివాలా దరఖాస్తు పడేసి, రైతుల నోట మట్టికొట్టడం ఆ పేటకి కొత్తకాదు. తవిటమ్మ బస్టాండుకి చేరేసరికి ఉమాపతి ఐ.పి. పెట్టేశాడు. ఆ మాట బస్సెక్కి ఊళ్ళు తిరిగేసరికి అతను ఒరిస్సా పారిపోతున్నాడు కూడా. మధ్యాహ్నానికి కొట్టు ముందు జనం మూగారు. ఉమాపతి భయపడి లోపల గడియ పెట్టుకున్నాడు.

"తలుపేసుకున్నాడ్రోయ్!" అని కేక లేచింది. "మా డబ్బులిచ్చీ! నేకపోతే కాటా పట్టుకుపోతాం!" అంటూ ఎల్లాజీ అనే రైతు గుమ్మం ముందున్న కాటా గొలుసులు విప్పనారంభించాడు.

ఉమాపతి లోపల లెక్క వేసుకున్నాడు. లేనివాడినంటే వీళ్ళు వదలరు. ఉన్నవాడినంటే పెళ్ళాం వదలదు. కానీ పెళ్ళాం శ్రీకాకుళంలో ఉంది. ఎల్లాజీ గుమ్మంలో ఉన్నాడు.

తలుపులూ, ఇనప్పెట్టే బార్లా తెరిచి, నార కట్ట మీదకెక్కాడు.

"ఒరే, నాను బికారినేట్రా? ఇదిగో బంగారం! ఇజీనారంలో రెండు మేడలు, పలాసలో జీడితోట, పాతికెకరాల పల్లపు పొలం, అన్నీ నావే! మీ సొమ్ము ఎక్కడికీ పోదు!"

"ఒట్టెయ్యి!"

"నీలమణి దుర్గమ్మ మీద ఒట్టు!"

జనం చల్లబడ్డారు. అప్పుడు వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"జీడితోట సంగతి నాకు తెలీదు సుమండీ."

పద్మకుమారి! బస్సు దిగి తిన్నగా వచ్చింది.

"మీరు దివాలా తీసేసినారంటే జాలేసినాది. మనోవర్తి వద్దు, నా బంగారం ఇచ్చీండి సాలని సెప్పడానికొచ్చాను. ఇప్పుడు మరి వద్దని ఎలాగంటాను?"

"అబ్బే, ఇదంతా ఉత్తిదే పద్మా! ఈళ్ళని పంపడానికి..."

"ఉత్తిదా?" ఎల్లాజీ మళ్ళీ గొలుసు పట్టుకున్నాడు.

"కాదురా, నిజమే!"

"ఈ మాట కోర్టులో ఎవరు సెప్తారు?" అంది పద్మకుమారి.

"నానొస్తానమ్మా!" అంది తవిటమ్మ. "ఈ బాబు కలిగినోడు కాకపోతే నా డబ్బులు ములిగిపోవూ?"

ఆమె వెనక ఎల్లాజీ చెయ్యెత్తాడు. ఆ వెనక వీధి వీధంతా చెయ్యెత్తింది.

వాయిదా రోజున ఉమాపతి బీదవాడని చెప్పడానికి ప్లీడరొక్కడే మిగిలాడు, అదీ ఫీజు పుచ్చుకుని. ధనవంతుడని చెప్పడానికి రెండు బస్సుల జనం సొంత ఖర్చుతో వచ్చారు.