శామీర్‌పేట ఇంటికి ముగ్గురు వకీళ్లు

ఆ సోమవారం గోపాలరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పేపరు చదవాలి, పది గంటలకల్లా ముగ్గురు వకీళ్లలో ఎవరు చవకో తేల్చేయాలి. కొత్తిమీర కట్టయినా నాలుగు బండ్ల దగ్గర అడిగితేగానీ కొనని మనిషి, ఇల్లు కొంటూ వకీలు ఫీజు దగ్గర ఊరుకుంటాడా?

మేడ్చల్‌లో ఆయన ఫ్లాటు అమ్ముడుపోయింది. నెలాఖరుకి ఖాళీ చేసివ్వాలి. శామీర్‌పేటలో సోమయ్య అనే రైతు ఇల్లు కొనడానికి మాటయి, అడ్వాన్సు కూడా ఇచ్చాడు. మూడో అంతస్తు మెట్లెక్కి మోకాళ్లు పట్టుకు కూర్చునే పార్వతీదేవికి, ఆ నేలమీది ఇల్లు చూడగానే ప్రాణం లేచొచ్చింది. "ఇది చేజారితే నేనింక ఏ ఇల్లూ చూడనండీ" అని మొగుడికి తేల్చి చెప్పింది. ఇక మిగిలిందల్లా కాగితాలు సరిచూసి, దస్తావేజు రాసి, రిజిస్ట్రేషన్ చేయించే వకీలు.

గోపాలరావు వారం రోజుల్లో ముగ్గురిని కలిశాడు. మేడ్చల్‌లో ఫణిభూషణ్, శామీర్‌పేటలో భానుతేజ, గండిమైసమ్మ దగ్గర కుర్మయ్య. ముగ్గురికీ ఇంటి కాగితాల జిరాక్సులిచ్చాడు. ముగ్గురితోనూ ఒకటే మాట. "పని మీకేనండీ, ఖాయం. ఫీజు సంగతి మాత్రం కాస్త చూడాలి." అలా అంటేనే రేటు దిగుతుందని ఆయన నమ్మకం. దిగింది కూడా. శ్రీలేఖ అనే నాలుగో వకీలు మాత్రం "మా దగ్గర ఒకటే ఫీజండీ" అనేసరికి, నిలువు దోపిడీ అని గొణుక్కుంటూ మెట్లు దిగొచ్చేశాడు.

పేపరు ఏడో పేజీ తిప్పాడో లేదో, కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. సోమయ్య ఇంటి నంబరు వేసి మరీ బహిరంగ ప్రకటన. 'ఈ ఇంటిని మా క్లయింటు కొంటున్నారు. అభ్యంతరాలున్నవారు ఏడు రోజుల్లో తెలపగలరు.' కింద ఫణిభూషణ్ పేరు. దాని కిందే, అదే ఇంటికి భానుతేజ ప్రకటన. పక్కన కుర్మయ్యది. క్లయింటు పేరు మాత్రం ఒక్కరూ వేయలేదు.

"కొంప మునిగింది పార్వతీ! ముగ్గురూ నా కాగితాలు ఎవరికో చూపించి ఇల్లు ఎగరేసుకుపోతున్నారు!"

"ఆ క్లయింటు మీరేనేమోనండీ?"

"నేనెలా అవుతాను? నేనింకా ఎవర్నీ పెట్టుకోందే!"

ఇంతలో సోమయ్య ఫోను. "గిదేంది సారూ? నా ఇంటికి ముగ్గురు గిరాకిలొచ్చిండ్రని పేపర్ల వడ్డదంట. ఊరంత నన్నే అడుగుతాండ్రు."

"ఎవరికీ ఇవ్వకండి సోమయ్యగారూ! నేను చూసుకుంటాను."

చూసుకోవడానికి తిన్నగా శ్రీలేఖ దగ్గరికే వెళ్లాడు. జన్మలో మొదటిసారి ఫీజు అడగలేదు. "ఆ ముగ్గురు క్లయింట్లూ దొంగలని రాయండి. ఇల్లు నాకు మాటయింది. వేరేవాళ్లకి అమ్మితే కోర్టుకెళ్తానని గట్టిగా రాయండి. వాళ్లలాగే నా పేరు మాత్రం వేయకండి." ఆవిడ గట్టిగానే రాసింది. ముగ్గురు వకీళ్లకీ అప్పటికప్పుడే మనిషి చేత పంపింది, పద్ధతి ప్రకారం సోమయ్యకీ ఓ కాపీ పంపింది.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది. "ముగ్గురూ జవాబిచ్చారండీ. మా క్లయింటు పెద్దమనిషి, దొంగ అంటే ఊరుకోం అంటున్నారు. ఈసారి పేరు కూడా రాశారు."

"ఎవరండీ ఆ ముగ్గురూ?"

"మేడ్చల్ వాస్తవ్యులు గోపాలరావు గారట. ముగ్గురికీ ఆయనే."

గోపాలరావు ఫోను పెట్టేసి, పేపరు ఏడో పేజీ మళ్లీ తీశాడు. 'ఖాయం' అన్న మాట పట్టుకుని, పని ఇంకొకరికి పోకుండా ముగ్గురూ పోటీలు పడి ప్రకటనలు వేశారు పాపం. కొరివితో తల గోక్కున్నది తనే. మొగుడూ పెళ్లాలు ఆటో కట్టించుకుని శామీర్‌పేటకి పరుగెత్తారు.

సోమయ్య అరుగు మీద నోటీసు పట్టుకుని కూర్చున్నాడు. "వద్దు సారూ. కోర్టు పంచాయితి ఉన్న బేరం నాకొద్దు. మీ బయానా పైసలు మీరు వాపస్ తీస్కపోండ్రి."

"ఆ ముగ్గురూ నా వకీళ్లేనయ్యా! కొనేది నేనొక్కణ్ణే!"

సోమయ్య ఎగాదిగా చూశాడు. "ఒక్క గొర్రెకు ముగ్గురు కాపర్లను వెడ్తరా ఎవలన్న?"

పార్వతీదేవి అరుగు చివర కూలబడి, మోకాళ్లు ఒత్తుకుంటూ, ఉన్నదున్నట్టు చెప్పేసింది. సోమయ్య చేతిలో నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే అమ్మా, నీ మొఖం జూసి ఒప్పుకుంటున్న. గా నలుగురు వకీళ్లు రిజిస్ట్రేషన్ కాడికొచ్చి, ఏ పంచాయితి లేదని నా కండ్ల ముంగట సంతకం వెట్టాలె. అప్పుడే నేను ఏలిముద్ర ఏస్త."

నలుగురూ వచ్చారు. బేరమాడిన ఫీజుకి కాదు, అసలు ఫీజుకి.

రిజిస్ట్రారు బల్ల ముందు నాలుగు నల్లకోట్లు వరసగా నిలబడేసరికి, ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇంతమంది వకీళ్లా? ఈ ఇంటి మీద పెద్ద గొడవలే ఉన్నట్టున్నాయే!"

గోపాలరావు తల దించుకున్నాడు. పార్వతీదేవి నెమ్మదిగా కుర్చీలోంచి లేచింది.

"గొడవలేం లేవండీ. మావారు ఫీజు తగ్గించారు."