అరవై నాలుగు మెట్ల అధికారిక చరిత్ర

మానవజాతి సాధించిన ఘనకార్యాల్లో నిప్పు, చక్రం, ఎల్గ్‌బాకెన్ మెట్రో స్టేషన్ మెట్లు ముఖ్యమైనవి. మొదటి రెంటి గురించి ఎవరెవరో రాశారు. మూడోదాని గురించి మూడువందల పన్నెండు పేజీలు రాసింది నేను. స్టాక్‌హోమ్ శివారులోని మా పేట చరిత్ర సంఘానికి ముప్పై ఏళ్లుగా కార్యదర్శిని. (ఆ పదవికి ఇంకెవరూ పోటీ చెయ్యలేదు. దీన్ని మేం ఏకగ్రీవం అంటాం.)

స్టేషన్ చరిత్ర క్లుప్తంగా ఇది. 1957లో కొండని తొలిచి, ప్లాట్‌ఫారాన్ని అడుగున పెట్టి, జనాన్ని పైన పెట్టారు. మధ్యలో అరవై నాలుగు రాతిమెట్లు. ప్రారంభోత్సవం నాడు బ్యాండు వాయిస్తూ మెట్లెక్కారు. ముప్పయ్యో మెట్టు దగ్గర బాకా ఊదేవాడు కూలబడ్డాడు. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ జరగలేదు. అది చెప్పడానికి నాకు నూట ఎనభై పేజీలు పట్టాయి.

అప్పుడు లిఫ్ట్ పెడతామన్నారు. నాకు యాభై రెండేళ్లు; రెండేసి మెట్లు ఎక్కేవాణ్ణి. మా దేశంలో దీపం మార్చాలన్నా సంబంధం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ కాగితం పంపి అభిప్రాయం అడుగుతారు. మా సంఘానికీ వచ్చింది. నేను పదకొండు పేజీలు రాశాను. "ఈ మెట్లెక్కడంలో కలిగే ఆయాసమే ఈ పేట వారసత్వం" అన్న వాక్యం అందులోదే. సభ్యులు దాల్చినచెక్క బన్నులు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టారు. లిఫ్ట్ ప్రతిపాదన ఆగిపోయింది. నాకు మహా గర్వంగా ఉండేది. దాచడమెందుకు, ఈ మధ్యదాకా ఉండేది.

ఈ మధ్య అంటే, నా భార్య గున్వోర్ తుంటి ఎముక విరిగేదాకా.

గున్వోర్ ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి మంగళవారం మెట్రో ఎక్కి, నగరంలో ఒక బృందంతో కలిసి పాడుతుంది. ఆపరేషన్ అయ్యాక చక్రాల నడకబండి తోసుకుంటూ స్టేషన్ దాకా వచ్చింది. మెట్లవైపు చూసి, తర్వాత నావైపు చూసింది.

"నీ వారసత్వం నాకూ కావాలి ఎస్కిల్. కానీ కాలు రానంటోంది."

"బస్సులో వెళ్తే..."

"రెండు బస్సులు మారి వెళ్లేసరికి వాళ్లు తాళం వేసుకుని ఇళ్లకి పోతారు. లిఫ్ట్ పెట్టమని రాయి. పదకొండు పేజీలు అక్కర్లేదు, ఒక్కటి చాలు."

రాశాను, మామూలు పౌరుడిగా. శివారు మెట్ల విభాగం అధికారిణి ఫ్రెద్రికా గారు ఏడే వారాల్లో ఫోన్ చేశారు.

"మీ అర్జీ చాలా బాగుందండీ. పద్ధతి ప్రకారం మీ పేట చరిత్ర సంఘం అభిప్రాయం అడుగుతున్నాం."

"అది నేనేనండీ."

"మరింకేం, త్వరగా తేలిపోతుంది!"

బుద్ధున్నవాడెవడైనా "పెట్టండి" అని ఒక్క ముక్క రాసి పంపేస్తాడు. కానీ లాభపడేది నా భార్య. సొంతవాళ్ల వ్యవహారంలో సంతకం పెట్టడం మా దగ్గర దొంగతనం కంటే ఒక మెట్టు ఎక్కువ. అందుకని సమావేశంలో లేచి నిలబడి, ఈ విషయంలో నేను తప్పుకుంటున్నానని మినిట్స్‌లో రాయించాను. పని ఉపకార్యదర్శి రుత్గేర్‌కి అప్పగించాను. రుత్గేర్ మచ్చలేని మనిషి; సొంత అభిప్రాయం అంటూ ఉండదు. నా పాత పదకొండు పేజీలూ బయటికి తీసి, తేదీ మార్చి పంపేశాడు.

"ఒక్క అక్షరం ముట్టుకోలేదు," అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "నువ్వు లేకపోయినా నీ మాట నిలబెట్టాను."

ఏమంటాను? థాంక్స్ చెప్పాను.

లిఫ్ట్ కుదరదని ఉత్తరం వచ్చింది. గున్వోర్ వంటింటి బల్ల దగ్గర కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదివింది.

"'ఆయాసమే వారసత్వం'. అబ్బ, ఏం రాశాడు! ఎవడో తెలిస్తే చెంప పగలగొట్టేదాన్ని."

"తెలుసుగా."

"తెలుసు కాబట్టే ఏ చెంపా అని ఆలోచిస్తున్నాను."

నవ్వింది. ఆ వాక్యానికి మళ్లీ ఎప్పుడూ నవ్వలేదు. ఇప్పుడు మంగళవారం సాయంత్రాలు వంటింట్లోనే కూర్చుని తన వంతు పాడుకుంటుంది. ఆమెది ఎప్పుడూ వెనక వరస గొంతు; అసలు పాట పాడేవాళ్లు నగరంలో ఉన్నారు. పక్కగదిలో వింటూ కూర్చుంటే నాకు సిగ్గేస్తుంది.

మెట్లను రెండుసార్లు కాపాడినందుకు సంఘం నన్ను సన్మానించాలనుకుంది. (ఆ తీర్మానం నుంచి కూడా తప్పుకున్నాను. ఏకగ్రీవంగా నెగ్గింది.) పోయిన ఆదివారం మెట్ల అడుగున ఇత్తడి పలక బిగించారు. నేను రైలింగు పట్టుకుని దిగాను. గున్వోర్ నడకబండితో పైనే ఆగిపోయింది. రుత్గేర్ గుడ్డ లాగాడు, అందరూ చప్పట్లు కొట్టారు.

"ఎస్కిల్!" పైనుంచి అరిచింది గున్వోర్. "ఇక్కడికి కనబడ్డం లేదు. ఏం రాశారందులో?"

అరవై నాలుగు మెట్ల కింద నిలబడి, వినబడేట్టు చెప్పాను.

"నా పేరు."