మోదుగాకు దరఖాస్తు

అడవి పెద్దది. పెద్దది కాబట్టి అందులో ఉన్నత విద్య కూడా ఉండేది. కొండ మీద పతనశాస్త్ర పీఠం అని ఒకటి పెట్టుకున్నారు. వస్తువులు పైనుంచి కిందికి ఎందుకు పడతాయి, ఎంతసేపట్లో పడతాయి అన్నది అక్కడ ఎమ్మెస్సీ. సీట్లు పది.

ఎమ్మెస్సీకి ముందు డిగ్రీ కావాలి కదా. దానికి రెండు కాలేజీలు. టేకు తోపు కాలేజీలో సింహం గారు ఒకసారి మధ్యాహ్నం కునుకు తీశారట, అప్పట్నుంచి అది పేరున్న కాలేజీ. రెండోది వాగు ఒడ్డు కాలేజీ. అక్కడ ఉన్నది ఒక్కరే మేష్టారు, ముసలి కొంగ. ల్యాబు లేదు. పిల్లలు చెట్టెక్కి కాయలు కింద పడేసి, చిల్లికుండలోంచి కారే నీటి చుక్కలతో టైము లెక్కపెట్టుకునేవాళ్లు.

ఎవరి దరఖాస్తు వాళ్ల కాలేజీ చెట్టు ఆకు మీద రాయాలని ఆచారం. టేకు తోపు వాళ్లది టేకాకు, వాగు ఒడ్డు వాళ్లది మోదుగాకు. ఆచారంలో తప్పేం లేదు. మూడేళ్ల కిందట దరఖాస్తులన్నీ చదివేసరికి పీఠం సీట్ల కమిటీ అధ్యక్షులు ఏనుగు ఐరావతరావు గారికి తలనొప్పి వచ్చి వారం దాకా తగ్గలేదు. ఏనుగు తల ఎంత ఉంటుందో మీరూ చూసే ఉంటారు. దాంతో ఒక తీర్మానం చేశారు. టేకాకులు చదవాలి, మోదుగాకులు వంటశాలకి పంపాలి. విస్తళ్లకి పనికొస్తాయి.

వాగు ఒడ్డు కాలేజీలో నూకరత్నం అనే ఉడత చదివింది. కాయ రాలుతుంటే మిగతా ఉడతలకి ఆకలేసేది, దీనికి లెక్కలు గుర్తొచ్చేవి. రెండేళ్లు దరఖాస్తు పెట్టింది. జవాబు లేదు. మూడుసార్లకి మించి పెట్టకూడదని నియమం. అంటే ఇదే ఆఖరు. ఈసారీ పోతే ఇక బతుకంతా కాయలు ఏరి దాచుకోవడమే.

ఆఫీసుకెళ్లి గుమాస్తాని అడిగింది. గుమాస్తా నక్క, పేరు జంబులింగం.

"నా దరఖాస్తులు ఏమయ్యాయండీ?"

"ఏ ఆకమ్మా నీది?"

"మోదుగ."

"ఓహో, అయితే బాగా ఉపయోగపడ్డాయి. రెండేళ్లూ."

"చదివారా?"

"వాటి మీద తిన్నారు."

"పోనీ ఈసారి టేకాకు మీద రాయనా?"

"అది ఫోర్జరీ అవుతుంది. టేకు తోపులో మూడేళ్లు కూర్చునొస్తే అప్పుడు రాసుకోవచ్చు."

"అక్కడ ఏం నేర్పుతారండీ?"

"కూర్చోవడమే. చాలా కుదురుగా కూర్చుంటారు."

బయటికొచ్చి భోజనశాల అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, అలవాటు కొద్దీ తలెత్తి చూసింది. భోజనశాల నెత్తిన వాలులో పెద్ద బండ ఉంది. జవాబు కోసం తిరిగిన ఈ రెండేళ్లలో వచ్చినప్పుడల్లా ఆ బండ వెనక నేల మీద సున్నంతో గీత గీసి పోయేది. ఎక్కి చూస్తే, మొదటి గీతకీ బండకీ మధ్య ఇప్పుడు జానెడు ఖాళీ.

ఆఖరి దరఖాస్తు దాని గురించే రాసింది. ఏ వానకి బండ ఎంత జరిగిందో, కింద మట్టి ఎంత నానిందో లెక్కకట్టి, ఆరుద్ర కార్తెలో మూడో పెద్ద వానకి అది భోజనశాల మీద పడుతుందని తేల్చింది. రాసింది మోదుగాకు మీదే. చదువు చెప్పిన చోటు అదే కాబట్టి.

ఆకు మామూలుగానే వంటశాలకెళ్లింది. వంటాయన ఎలుగుబంటి భీమేశం. విస్తళ్లు కుడుతూ ఊసుపోక ప్రతి ఆకూ చదివేవాడు. మూడేళ్లు అలా చదివాక పీఠం మొత్తంలో పతనశాస్త్రం వచ్చినవాడు ఆయనొక్కడే అయ్యాడు. నూకరత్నం ఆకు చదవగానే పొయ్యి మీది పులుసు దించేసి ఏనుగు గారి దగ్గరికెళ్లాడు.

"అయ్యగారూ, మన భోజనశాల మీద బండ పడుతుందంట."

"ఎవరు చెప్పారు?"

"మోదుగాకులో ఉందండి."

"విస్తట్లో అన్నం చూసుకోవాలి గానీ అక్షరాలు చూస్తారటయ్యా," అన్నారు ఏనుగు గారు జాలిగా.

అయినా పద్ధతి ప్రకారం, టేకు తోపు నుంచి వచ్చి ఎమ్మెస్సీ చేస్తున్న పది నెమళ్లకీ సంగతి అప్పజెప్పారు. వాళ్లు నలభై ఆకుల నివేదిక ఇచ్చారు. ఈ బండ ఇంతవరకూ పడలేదు కనుక ఇకముందూ పడదు. బండ దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్లలేదు, ఎండగా ఉందని.

ఆరుద్రలో మూడో వాన పట్టుకోగానే భీమేశం గుండిగలన్నీ ఎత్తుకుని కొండ అవతలి గుహలోకి మకాం మార్చేశాడు. అన్నం ఎక్కడుంటే కమిటీ అక్కడే. అందరూ తడుస్తూ, సణుక్కుంటూ వచ్చి కూర్చున్నారు. పప్పు వడ్డిస్తుండగా బండ పడింది. భోజనశాల నుజ్జునుజ్జయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ముందుగా చెప్పిందెవరో వాళ్లకి సీటివ్వమని సింహం గారు కబురు పెట్టారు. కమిటీకి చిక్కొచ్చిపడింది. మోదుగాకుకి సీటిస్తే ఇన్నాళ్లూ తిన్న విస్తళ్ల సంగతేమిటని ఎవరైనా అడుగుతారు. రెండు రోజులు ఆలోచించి నూకరత్నాన్ని పిలిపించారు. బల్ల మీద టేకాకు ఒకటి ఉంది. దాని మీద టేకు తోపు ప్రిన్సిపాలు సంతకం అప్పటికే పడిపోయింది.

"నువ్వు టేకు తోపులో చదివినట్టు ఇందులో ఉందమ్మా. కింద సంతకం పెట్టు, సీటు నీదే," అన్నారు ఏనుగు గారు.

"నేనక్కడ చదవలేదండీ. అలా రాస్తే ఫోర్జరీ అని జంబులింగం గారే చెప్పారు."

"నువ్వు రాస్తే ఫోర్జరీ," అన్నాడు జంబులింగం. "కమిటీ రాస్తే సవరణ."

"మరి మా కొంగ మేష్టారో?"

"ఆయన్ని మేమేం అనలేదుగా."

నూకరత్నం లెక్కేసుకుంది. నాలుగోసారి అనేది లేదు. సంతకం పెట్టింది. పెట్టి, తిన్నగా వాగు ఒడ్డుకెళ్లి మేష్టారికి ఉన్నదున్నట్టు చెప్పింది. చెబుతుంటే సిగ్గేసింది.

"సీటొచ్చింది కదమ్మా, శ్రద్ధగా చదువుకో," అన్నాడు మేష్టారు. అని, నీళ్లవైపు తిరిగి నిలబడ్డాడు. మళ్లీ ఇటు తిరగలేదు.

మర్నాటికల్లా టేకు తోపు గేటు మీద బోర్డు వెలిసింది: 'బండ పడుతుందని ముందే చెప్పిన నూకరత్నం మా పూర్వ విద్యార్థిని'. ఆ ఏడు అక్కడ సీట్లకి తొక్కిసలాట జరిగింది. వాగు ఒడ్డున చేరింది ఇద్దరు. ఇంతటి తెలివైనవాళ్లు టేకు తోపు నుంచే వస్తారని రుజువైంది కనుక పాత తీర్మానమే కొనసాగించాలని కమిటీ ఏకగ్రీవంగా నిర్ణయించింది.

నీతి: తెలివి ఏ కాలేజీలోనైనా పుట్టొచ్చు, జనన ధ్రువీకరణ పత్రం మాత్రం పెద్ద కాలేజీయే ఇస్తుంది.